ఆదివారం సీసాలో నీళ్ళు

దెయ్యాల సంగతి అటుంచండి, నేను మనుషులనే అంత తేలిగ్గా నమ్మను. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా స్టోర్ కీపర్‌ని. తాళం వేసిన గదిలోంచి సామాను ఎలా మాయమవుతుందో నాకు తెలుసు. ప్రతిసారీ దాని వెనక ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. "అనుమానం పెనుభూతం" అని మా ఆవిడ పార్వతి నన్ను దెప్పుతూ ఉంటుంది. నేను ఒప్పుకునే భూతం అదొక్కటే.

నా దగ్గర పదహారేళ్ళ డీజిల్ కారు ఒకటి ఉంది. అది ఇంకా నడుస్తోందని చూసి, మొదటిసారి పాత బండి కొందామనుకునేవాళ్ళు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. తెలిసింది చెబుతాను. చాప పరుచుకుని కింద పడుకుని చూడండి, ఈ ఉప్పుగాలికి బండి అడుగునుంచి పోతుంది అంటాను. మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంటే అనుమానించండి, మర్నాడు చెప్పకుండా వెళ్ళి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించండి. తాళం తిప్పగానే తొందరపడకుండా, ఇంజన్ వేడెక్కిందని చెప్పే కాయిల్ లైటు ఆరేదాకా ఆగండి. నీలం పొగ వస్తే దండం పెట్టి వచ్చేయండి.

ఇవన్నీ చెబుతాను గానీ ఒక్క విషయం మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను చూసి నవ్వుతారు. ఇన్నాళ్ళూ అందరినీ చూసి నవ్వినవాణ్ణి కదా.

కారు కొన్నది షోకుకి కాదు, మా నూకాలక్క కోసం. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పెళ్ళై డిగ్లీపూర్ వెళ్ళింది, అక్కడే పొలం, కాపురం. రెండేళ్ళ కిందట గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. రక్తస్రావం ఆగేది కాదు. ఆపరేషన్‌కి పోర్ట్ బ్లెయిర్ రావాలి. బస్సులో అయితే రోజంతా ప్రయాణం, ఆ రోడ్డు కుదుపులు. ఒకసారి బయల్దేరి సగం దారిలోనే స్పృహ తప్పింది, వెనక్కి తీసుకుపోయారు. ఈసారి వెనక సీట్లో పడుకోబెట్టి నేనే తీసుకొద్దామనుకున్నాను.

బండి మా ఊళ్ళోనే, డెలానీపూర్‌లో దొరికింది. అమ్మింది సన్యాసమ్మ అనే ఆవిడ. అరవై దాటిన మనిషి, మనవాళ్ళే. ఆవిడ భర్త హార్బరు లాంచీల్లో ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ఆ ముందు ఏడాదే పోయాడు. బండి అడుగుభాగం కడిగిన గిన్నెలా ఉంది. అంత శుభ్రంగా ఉండడమే నాకు నచ్చలేదు. ఏదో దాచి రంగు పూశారనుకున్నాను. పైగా మీటర్ల పక్కన ఒక చిన్న దీపం ఉండాలి. డీజిల్‌లో నీళ్ళు చేరితే అది వెలుగుతుంది. దాని బల్బు పీకేసి ఉంది.

అడిగితే ఆవిడ, "మా ఆయనకి ఆ లైటు అక్కర్లేదు భయ్యా. ఆదివారం ఆదివారం ఫిల్టర్‌లోంచి నీళ్ళు తీసీవోడు. నువ్వూ అలాగే తియ్యి, భూల్నా మత్, మరిచిపోకు," అంది.

ఒక గాజు సీసా కూడా చేతికిచ్చింది. వెడల్పు మూతి, పాత పచ్చడి సీసా. దాని వెనక సంగతి ఇది. మన దీవుల్లో డీజిల్ ఓడల మీద, డ్రమ్ముల్లో, తేమలో తిరిగి వస్తుంది కాబట్టి ఎంతో కొంత నీరు కలుస్తుంది. ఆ నీరు డీజిల్ ఫిల్టర్ అడుగున పేరుకుంటుంది. కింద ఒక మర ఉంటుంది, దాన్ని వదులు చేసి పైనున్న చేతిపంపు నొక్కితే నీరు దిగుతుంది. సీసాలో పడితే నీళ్ళు అడుగున, డీజిల్ పైన విడిగా తేలుతుంది. ఎన్ని వేళ్ళ మందం నీరు వచ్చిందో చూసి ఆయన డీజిల్ మంచిచెడ్డలు చెప్పేవాడట.

నేను తల ఊపి వచ్చేశాను గానీ ఒక్క ముక్క నమ్మలేదు. బండిని బాగా చూసుకున్నామని చూపించుకోవడానికి చెప్పే కబుర్లనుకున్నాను. సీసా కడిగి, మా ఇంటి పక్క రేకుల షెడ్డులో గోడ అరమీద బోర్లించి మర్చిపోయాను.

మొదటి ఆదివారం పొద్దున్న షెడ్డులోకి వెళ్తే సీసా నిలబడి ఉంది. అడుగున వేలెడు మందం నీళ్ళు, పైన డీజిల్.

పార్వతిని అడిగాను. ఆమెకు బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు. రెండో ఆదివారం మళ్ళీ అంతే. నాకు వెంటనే వెలిగింది, సన్యాసమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఎవరినో పంపిస్తోంది. ఎందుకు పంపిస్తుంది, ఎవడో తెల్లారకముందే డెలానీపూర్ నుంచి వచ్చి నా బండిలో నీళ్ళు తీసిపెట్టి పోతే ఆవిడకేం లాభం అన్నది నేను ఆలోచించలేదు. అయినా అనుమానానికి కారణం కావాలా?

మూడో శనివారం సాయంత్రం బానెట్ మూతను ముందు జాలీకి కలిపి నైలాన్ దారంతో కట్టాను. వేసింది మా నాన్న డుంగీకి వేసే ముడి. డుంగీ అంటే ఇక్కడి చేపలవాళ్ళ చిన్న పడవ. ఆ ముడిని విప్పడం తెలిసినవాళ్ళు కూడా మళ్ళీ అదే పొందికగా వెయ్యలేరు, మా ఇంటి చేతికే వస్తుంది. షెడ్డు నేలంతా ముగ్గుపిండి చల్లాను. పార్వతి గుమ్మంలో నిలబడి, "దొంగ కోసమా, కోడిపిల్లల కోసమా?" అని ఎగతాళి చేసింది.

పొద్దున్న పిండి మీద ఒక్క అడుగూ లేదు. ముడి నేను వేసినట్టే ఉంది. సీసాలో వేలెడు నీళ్ళు ఉన్నాయి.

ఆ రోజు నుంచి షెడ్డులోకి వెళ్ళాలంటే నాకు అదోలా ఉండేది. పైకి మాత్రం మేకపోతు గాంభీర్యం. పిండి చల్లడం మానేశాను. అక్క ప్రయాణం దగ్గరపడింది, దాని గొడవలో పడ్డాను.

తప్పు అక్కడే చేశాను. ఆ వారం నూనె ఓడ రావడం ఆలస్యమై బంకుల్లో డీజిల్‌కి కటకటగా ఉంది. బండికి ట్యాంకు నింపాను గానీ తిరుగు ప్రయాణానికి దారిలోని రంగత్‌లోనో డిగ్లీపూర్‌లోనో దొరుకుతుందన్న నమ్మకం లేదు. మేం చేపలవాళ్ళ పిల్లలం. డీజిల్ లేదంటే మాకు ముందు గుర్తొచ్చేది డుంగీ డ్రమ్ము. మా చిన్నాన్న కొడుకు ఎర్రయ్య జంగ్లీఘాట్‌లో డుంగీ నడుపుతాడు. రేవు పక్కన వానలో నానే అతని డ్రమ్ములోంచి ఇరవై లీటర్ల క్యాను నింపుకుని డిక్కీలో పెట్టుకున్నాను. లోకాన్నంతా అనుమానించే నేను సొంతవాళ్ళ డ్రమ్ముని మాత్రం అనుమానించలేదు. పాత డీజిల్ బండి ఉన్నవాళ్ళు రాసిపెట్టుకోండి, పడవ డ్రమ్ములోది కారుకి పొయ్యకూడదు. నీరు తగిలితే పడవ ఇంజన్ దగ్గి సర్దుకుంటుందేమో గానీ కారు పంపు బతకదు.

శుక్రవారం వెళ్ళాను. శనివారం అక్కను తీసుకుని డిగ్లీపూర్ నుంచి బయల్దేరి రాత్రికి రంగత్‌లో లాడ్జిలో దిగాం. ఆదివారం తెల్లవారేసరికి అక్క ముఖం పాలిపోయింది. రక్తస్రావం ఎక్కువైంది. అక్కడి ఆసుపత్రిలో చూసి ఇంజెక్షన్ ఇచ్చారు. "ఆలస్యం చెయ్యకుండా పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళండి" అన్నారు. అంబులెన్సు అంతకుముందే వేరే కేసుతో వెళ్ళిపోయిందట. ఉన్నది నా బండే. బంకులో డీజిల్ లేదు. క్యాను తీసి మొత్తం ట్యాంకులో పోశాను.

మూత బిగిస్తుండగా పార్వతి ఫోన్ చేసింది.

"ఏమండీ, సీసా నిండిపోనాది. మెడదాకా నీళ్ళే. ఇందాక షెడ్డు ఊడ్చినప్పుడు ఖాళీగా ఉంది. నాకు భయమేస్తంది," అంది.

సీసా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. బండి రంగత్‌లో నా చేతికింద ఉంది. ఫొటో పంపమన్నాను, పంపింది. కింద తుప్పు రంగు నీళ్ళు, పైన సన్నటి డీజిల్ పొర. నాకు ఒళ్ళు మండింది. అక్క ఈ స్థితిలో ఉంటే పరాచికాలా అని కసిరి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే, పదిహేనేళ్ళ కాపురంలో పార్వతి నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. అప్పుడు మాత్రం ఆమెను కూడా అనుమానించాను.

అనుమానం కొద్దీ ఇంజన్ కాసేపు నడిపి, ఫిల్టర్ మర వదులు చేసి ఒక గ్లాసులో పట్టాను. చుక్క నీరు లేదు. శుభ్రమైన డీజిల్.

బారాటాంగ్ దగ్గర బండితో సహా ఫెర్రీ ఎక్కి దాటాక, అవతల జారవా ఆదివాసుల రిజర్వు అడవి. అక్కడ బళ్ళన్నీ పోలీసు కాన్వాయ్‌లో వరసగా పోవాలి. దారిలో ఆపకూడదు, దిగకూడదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. బండి ఆగిపోతే లాగించుకుని పోవాల్సిందే, అది ఎంత సేపో ఎవరూ చెప్పలేరు. వెనక సీట్లో అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. కింద పరిచిన దుప్పటి తడుస్తోంది. అద్దంలో అది చూడలేక రోడ్డు మీదే కళ్ళు పెట్టాను.

అడవి మధ్యలో ఒక మిట్ట ఎక్కుతుండగా ఇంజన్ ఒక్కసారి కుంగింది. యాక్సిలరేటర్ తొక్కినా అందుకోలేదు. వెనక బస్సు హారన్ కొట్టింది. అయిపోయింది, అక్కను నేనే చంపుకున్నాననుకున్నాను.

అప్పుడు బానెట్ లోపలినుంచి చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. చేతిపంపు నొక్కితే వచ్చే చప్పుడు. ఇంజన్ నడుస్తుండగా అది దానంతటది కదలదు. మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఇంజన్ గొంతు సవరించుకున్నట్టు ఒక ఊపు ఊగి అందుకుంది. మిట్ట ఎక్కేసింది.

"ఏట్రా తమ్ముడా, ఎవులో ముందర కొడతన్నారు?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదక్కా, రోడ్డు," అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు.

అడవి చివరనున్న జిర్కాటాంగ్ గేటు దాటేదాకా బండి మళ్ళీ తడబడలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాం. రక్తం ఎక్కించి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. సమయానికి తెచ్చారు అంది డాక్టరమ్మ. నేను బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను.

అక్కడుండగానే ఎర్రయ్య ఫోన్ వచ్చింది. "అన్నా, నువ్వు బండిలో పోసినావా ఏటి ఆ డీజిల్? పొయ్యకు. మన డ్రమ్ములో సగం నీళ్ళే. బిరడా వదులైపోయి వాన దిగిపోనాది. పొద్దున్న నా డుంగీ నడిసముద్రంలో ఆగిపోతే పక్కోళ్ళు లాక్కొచ్చినారు," అన్నాడు.

డిక్కీ తెరిచి క్యాను వంచి చూశాను. అడుగున మిగిలిన కాసింత తుప్పు రంగు నీళ్ళే. అంటే నేను ట్యాంకులో నీళ్ళు పోసిన మాట నిజం. మర్నాడు మెకానిక్ ట్యాంకు దింపి కడిగాడు. నీటి జాడ లేదన్నాడు. సీసాలో నీళ్ళు మాత్రం మా షెడ్డులో అలాగే ఉన్నాయి, క్యాను అడుగున ఉన్న రంగులోనే.

అక్క లేచి కూర్చున్న రోజున ఆ సీసాను సంచిలో పెట్టుకుని డెలానీపూర్ వెళ్ళాను. ఇంకా నా అనుమానం చావలేదు. ముందు, ఇంకో తాళంచెవి ఉందా అని అడిగాను. సన్యాసమ్మ దీదీ లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో భర్త గుర్తింపు కార్డు, కళ్ళజోడు, వాటి కింద తాళంచెవి. తుప్పు పట్టి డబ్బా అడుగుకు అతుక్కుపోయింది. చెంచాతో గీకి తీస్తే అడుగున దాని అచ్చు పడి ఉంది. అది ఈమధ్య కదిలింది కాదు.

అప్పుడు సంచిలోంచి సీసా తీశాను. నేను నోరు తెరవకముందే ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇంత నీళ్ళా? బండిలో ఎవులున్నారు భయ్యా?" అంది.

"మా అక్క."

"బాగుందా?"

"బాగుంది."

ఆవిడ పెరట్లోకి వెళ్ళి సీసా ఒంపేసి, సబ్బుతో కడిగి, చీర చెంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ఇకనుంచి నువ్వే తియ్యి. ఆయన్ని ఎన్నాళ్ళని కష్టపెడతావు?" అంది.

అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పకుండా నేనే తీస్తున్నాను. సీసా మళ్ళీ దానంతటది నిండలేదు. దారం, ముడి, తాళంచెవి, ఇంటికి అంత దూరాన ఉన్న బండి, అన్నీ ఎన్నోసార్లు బేరీజు వేసుకున్నాను. ఎవరి చేతివాటమో తేల్చలేకపోయిన కేసు నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు. ఇది తేలలేదు.

ఇప్పటికీ శనివారం సాయంత్రం బానెట్‌కి నాన్న ముడి వేసి పడుకుంటాను. పొద్దున్న ముడి అలాగే ఉంటుంది, సీసా పొడిగా ఉంటుంది. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది: ఆ సీసాను పొడిగా చూసినప్పుడల్లా నాకు కొంచెం దిగులుగా ఉంటుంది.