గేటు దగ్గర పెట్టిన అన్నం

సౌదీలో రాబిగ్ ఊరికి బయట, హైవే మీద పోయేవాళ్ళకు కనిపించనంత లోపలికి మా క్యాంపు ఉండేది. రేకుల గదులు, ఒక మెస్సు, చుట్టూ ఇనుప కంచె. మాకు పని ఇచ్చిన చిన్న కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేసిన నెలకే మెస్సు మూతపడింది. దారి తెలిసినవాళ్ళు జిద్దా వెళ్ళి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే షరఫియా పేటలో ఎవరెవరి గదుల్లోనో తలదాచుకున్నారు. తొమ్మిది మందిమి మిగిలిపోయాం. అక్కడ ఉండటానికి అనుమతిచ్చే మా ఇకామాల గడువు దాటిపోయింది. చెల్లే ఇకామా కార్డు లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుని జైల్లో పెడతారని అందరికీ భయం. అందుకని గేటు దాటేవాళ్ళమే కాదు.

నేను జగిత్యాల వైపు నుంచి వెళ్ళిన షట్టరింగ్ కార్పెంటర్‌ని. నా పక్క మంచం కడప పెద్దాయనది, కంపెనీ బస్సు నడిపేవాడు. చాలా ఏళ్ళుగా అక్కడే ఉండటంతో అరబ్బీ బాగా వచ్చు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బీ అనేవాడు. ఆయనకు షుగరు ఉంది.

మెస్సులో మిగిలిన బియ్యం ఎంత పలచగా గంజి కాచుకున్నా అయిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఎండు రొట్టె, ఉల్లిపాయ. ఆ తర్వాత అవి కూడా లేవు. ఆకలి మొదట కడుపులో ఉంటుంది, తర్వాత కాళ్ళలోకి దిగుతుంది. బాత్రూం దాకా పోవాలంటే గోడ పట్టుకునేవాళ్ళం. ఒకరోజు భాయ్ ఏమీ తినకుండానే షుగరు మాత్ర వేసుకున్నాడు. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట ముద్దగా వచ్చింది. డబ్బా అడుగున మిగిలిన చక్కెర గోకి ఆయన చిగుళ్ళకు రుద్దాను. కళ్ళు తెరిచేదాకా రుద్దుతూనే ఉన్నాను.

మరునాడు పొద్దున్నే గేటు బయట బండి ఆగింది. తెల్ల పికప్.

"పోలీసోళ్ళు వచ్చిండ్రు, ఉర్కుండ్రి!" అని ఎవరో అరిచారు.

వెనక కంచెకున్న కంతలోంచి కొందరు ఇసుకలోకి పాకారు. భాయ్ పరిగెత్తలేడు. ఆయన్ని మంచం కిందికి తోసి నేనూ దూరాను. అడుగుల చప్పుడు గేటు దాకా వచ్చింది. కింద ఏదో పెట్టిన శబ్దం. ఒక మగ గొంతు అరబ్బీలో రెండుసార్లు పిలిచింది. కాసేపటికి బండి వెళ్ళిపోయింది.

వెళ్ళి చూస్తే గేటు దగ్గర మూడు పెద్ద పళ్ళాలు, పైన వెండిరంగు కాగితం కప్పి ఉంది. ఎత్తగానే అన్నం, మాంసం వాసన. ఇసుకలోకి పాకినవాళ్ళు కూడా తిరిగొచ్చాక తొమ్మిది మందిమీ చుట్టూ నిలబడ్డాం. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.

"ముట్టకుండ్రి. లోపల ఎంతమంది ఉన్నరో జూసెటందుకు పెట్టిపోయిండ్రు," అన్నాడు నిజామాబాద్ మేస్త్రీ.

"మందు గిట్ల కలిపిండ్రేమో," అన్నాడు ఇంకొకతను.

ఇప్పుడు చెబితే పిచ్చిగా ఉంటుంది గానీ ఆ పూట నేనూ నమ్మాను. ఎండ ఎక్కుతోంది, ఈగలు ముసురుతున్నాయి. భాయ్ మెల్లగా ముందుకు జరిగి పళ్ళెం దగ్గర కూర్చున్నాడు.

"నాకు మాత్ర ఏసుకునే టయిమైంది. నేను తింటా. అర్ధగంట సూడండి. నాకేమన్నా అయితే మీరు తినాకండి."

ఆయన తింటుంటే అందరం ఆయన మొహమే చూశాం. అర్ధగంట ఎవరూ ఆగలేదు.

రెండు రోజులకు బండి మళ్ళీ వచ్చింది. మళ్ళీ దాక్కున్నాం. మూడోసారి భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "దాంకోని తినేది ఎన్నాళ్ళు అబ్బీ? ఎవురో ఒకరు నిలబడల్ల." ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం.

బండి దిగినతను బక్కపల్చటి మనిషి, తలకు గళ్ళ గుడ్డ చుట్టుకున్నాడు. మమ్మల్ని చూడగానే బిగుసుకుపోయి, చెయ్యి వెనక్కి చాపి బండి తలుపు పట్టుకున్నాడు. మేం భయపడ్డట్టే అతనూ భయపడ్డాడని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. భాయ్ సలాం చెప్పి మాట కలిపాడు. తర్వాత నాకు చెప్పాడు.

"యెమెన్ ఆయన. ఊర్లో పెండ్లి హాలు ఊడ్సే పని. మిగిలిన కూడు పారేయమంటే ఈడికి తెస్తాండాడు. మన మెస్సులో పొగ రాకపోయినా కంచె మింద గుడ్డలు ఆరేసి ఉండేది ఎనక మట్టి దోవలో పోతా సూసినాడంట. ఎవురికీ చెప్పొద్దంటాండాడు. ఆయప్పకూ కాగితాలు సరిగ్గా లేవంట."

"మరి పట్టుకుంటే?"

"అదే బయం ఆయప్పకు గూడా."

అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి వచ్చేవాడు. పళ్ళాలు దింపుతున్నంతసేపూ రోడ్డు వైపే చూసేవాడు. ఒకసారి ఆరు రోజులు రాలేదు. చెక్‌పోస్టు దగ్గర దొరికిపోయాడేమో అనుకున్నాం. అతనికి ఏమైందోనన్న దిగులు కంటే, అన్నం ఎవరికి తీసుకెళ్తున్నావని అడిగితే మా పేరు చెప్తాడేమోనన్న భయమే నాకు ముందు కలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏడో రోజు వచ్చాడు. హాల్లో పెళ్ళిళ్ళు లేవట, అంతే.

షరఫియా వెళ్ళినవాళ్ళు మా సంగతి కాన్సులేట్‌లో చెప్పారు. కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం, మమ్మల్ని ఇంటికి పంపే ఎగ్జిట్ కాగితాలతో బస్సు వచ్చింది. పది నిమిషాల్లో ఎక్కమన్నారు. అందరూ సంచుల కోసం పరిగెత్తారు. మర్నాడు అతను వచ్చే రోజు. ఫోను నంబరు అడగడానికి కూడా మేం ఎన్నడూ ధైర్యం చేయలేదు. భాయ్ బొగ్గు ముక్క తీసుకుని గేటు మీద అరబ్బీలో రాయబోయి ఆగిపోయాడు.

"రాస్తే ఎవురన్నా సూసి ఆయప్పను ఎతుక్కుంటా పోతారేమో," అన్నాడు. బొగ్గు పారేసి బస్సెక్కాడు.

భాయ్ ఇప్పుడు కడపలో ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా మా మాటలు ఆ యెమెన్ మనిషి దగ్గరికే వెళ్తాయి. ఖాళీ గదులు చూసి మమ్మల్ని పోలీసులు పట్టుకుపోయారనుకుని ఉంటాడు. దెబ్బలకు తాళలేక తన సంగతి చెప్పేస్తామని బెదిరి, రాబిగే వదిలి పారిపోయాడేమో తెలియదు. అతన్ని మేం ఏనాడూ పేరు కూడా అడగలేదు.