వైపుకు నాలుగు పరదాలు

నిన్న మా గల్లీలో ఎవరిదో పెళ్లికి షామియానా వేశారు. జంపఖానాలు దులుపుతుంటే లేచిన దుమ్ము, సరిగా ఆరని గుడ్డ వాసన ముక్కుకు తగలగానే వాకిట్లోనే నిలబడిపోయాను. రత్నమ్మక్క గుర్తొచ్చింది. జహీరాబాద్ బస్టాండు వెనక ఆమెకు టెంట్ హౌస్ ఉండేది. డిగ్రీ అయ్యాక పని దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్న మనిషి. ఇప్పుడామె లేదు.

మా కొట్లో ఒక లెక్క నడిచేది. చుట్టూ ఎన్ని పరదాలు కడితే లోపల అన్ని జంపఖానాలు పరవాలి. పరదా పొడవు ఎంతో, జంపఖానా నాలుగు వైపులా అంతే. మేమెప్పుడూ వేసేది వైపుకు నాలుగు పరదాల షామియానా. చుట్టూ పదహారు, లోపల పదహారు. ఆమె అత్తగారి కాలం నుంచీ ఆ లెక్క తప్పలేదట. "పరదాలు లెక్కవెట్టుకో, సాలు. జంపఖానలు గవే సరిపోతయి" అనేది. రోజూ కళ్లముందే సరిపోతుంటే నేను మాత్రం ఎందుకు నమ్మను?

ఒకసారి కోహీర్ దగ్గరి ఊరివాళ్లు పెద్దది కావాలన్నారు, వైపుకు ఆరు పరదాలది. ఇరవై నాలుగు పరదాలు, ఇరవై నాలుగు జంపఖానాలు నేనే దగ్గరుండి బండిలోకి ఎక్కించాను. తీరా అక్కడ పరుచుకుంటూ పోతే నాలుగు వరుసలకే అయిపోయాయి. ఇంకా రెండు వరుసల జాగా మట్టిగానే మిగిలింది. ఆడవాళ్లు కొత్త చీరలు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. పెళ్లికూతురి మేనమామ అక్కడే ఉన్న రత్నమ్మక్కను వదిలేసి నా మీదికి వచ్చాడు.

"బండిల వచ్చినోడివి నువ్వే గదా తమ్మీ? మిగిలినయి తొవ్వల ఏడ దించినవ్?"

 ఎక్కించినవన్నీ పరిచాననే అనుకున్నాను, నేల మాత్రం నిండలేదు. నిజంగానే ఎక్కడైనా దించానా అని నామీద నాకే అనుమానం పుట్టింది. దొంగ అన్న పేరు పడితే ఈ చుట్టుపక్కల నాకింకెవరు పని ఇస్తారు?

అక్క అరవలేదు, నన్ను వెనకేసుకు రానూ లేదు. కొంగు నడుముకు చుట్టి, "ముందుగాల పరిచినయి లెక్కవెడదాం పా" అంది. ఇరవై నాలుగూ ఉన్నాయి. తర్వాత ఖాళీ జాగా కూడా కలిపి లెక్కపెట్టాం. వరుసకు ఆరు, ఆరు వరుసలు, ముప్పై ఆరు.

"గదేంది? చుట్టు ఇరవై నాలుగైతే నడుమ ముప్పై ఆరెట్లయితది?"

"భుజాన్ని నాలుగుతో గుణిస్తే చుట్టుకొలత, భుజాన్ని భుజంతోనే గుణిస్తే వైశాల్యం అక్కా" అని బళ్లో చదివింది అప్పజెప్పాను.

"గట్లనా? మరి మనకు ఇన్నేండ్లు బరాబర్ ఎట్లొచ్చిందిర?"

ఆమె అయోమయం చూస్తే నాదీ ఎక్కువైంది. ఆమె మాత్రం అందరి ముందూ మేనమామతో అంది. "పిలగాన్ని ఏమనకుండ్రి అన్నా. జంపఖానలు ఏడికీ పోలే. లెక్కనే మాది తప్పు. ఎట్ల తప్పిందో నాకింక సమజైతలేదు." బండిని మళ్లీ పంపింది. తక్కువైన పన్నెండూ వచ్చేదాకా ఆ మట్టిలోనే కూర్చుంది, నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని.

కొట్టుకు వచ్చాక వైపుకు మూడు వేసి చూశాం. చుట్టూ పన్నెండు పడితే లోపల తొమ్మిదే పట్టాయి. ఈసారి మిగిలాయి! "ఒకకాడ తక్కువ, ఒకకాడ ఎక్కువ, నాలుగుకాడ్నే బరాబర్" అని ఆమె నవ్వింది. గుణించడం నాకు వచ్చు. ఆ నాలుగు అంతకాలం మమ్మల్ని అలా ఎందుకు ఆడించిందో ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టదు.

ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో స్టోర్ చూస్తున్నాను. పోయిన నెల స్టోర్‌లో సామాను లెక్కకు తక్కువ వచ్చింది. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చి సామాను మోసే నర్సింలు వైపు అందరూ చూశారు. "స్టోర్‌కు లెక్క ప్రకారమే ఇచ్చామండీ, ఇంక చూసేదేముంది?" అన్నారు మా ఇంజినీరు గారు. ఏం జరిగిందో నాకూ తెలియలేదు. నర్సింలు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ముందు అరల్లో ఉన్నవన్నీ దించి పరవండి, లెక్కపెడదాం" అని చెప్పి, వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.