బండి మీద సామాను

బస్టాండు టీ కప్పుల గురించి పేపర్లో ఎవరూ రాయరు. నేను ఖమ్మానికీ, భద్రాచలం అవతలి మా మండలానికీ మధ్య తిరగడం మొదలుపెట్టిన కొత్తలో కప్పులో టీ ఉండేది. ఇప్పుడిచ్చేది కప్పు కాదు, కప్పు నమూనా. వేలికి వేడి తగిలేలోపే అయిపోతుంది. ఇదేంటని కొట్టాయనను అడిగాను.

"టీ గంతనే ఉన్నది సార్. మీకే దూప పెరిగింది" అన్నాడు.

అయినా నమూనాలను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాదీ అదే జబ్బు. మిలిటరీ బండ్లను ముప్పై అయిదో వంతుకు కుదించి, ప్లాస్టిక్ ముక్కలు అంటించి, రంగులేస్తుంటాను. నలభై దాటాక కొందరికి షుగర్ వస్తుంది, కొందరికి రాజకీయం వస్తుంది. నాకు ఇది వచ్చింది.

అడవి అంచున ఒక సర్కారు ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటును. నా భార్య ఖమ్మంలో టీచరు. పెళ్లయిన నాటి నుంచీ మాది ఆదివారం కాపురం. శనివారం సాయంత్రం బస్సెక్కి పోవడం, సోమవారం తెల్లారకముందే బస్సెక్కి రావడం. ఉద్యోగాలు చేసే మొగుడూపెళ్లాలను వీలైతే ఒక్కచోట ఉంచాలని నిబంధన ఉంది. దాన్ని నమ్ముకుని ఖమ్మానికి బదిలీ అడుగుతూ నేను పెట్టుకున్న దరఖాస్తు మా ఆఫీసరు టేబుల్ మీద, గాజు పేపర్‌వెయిట్ కింద, క్షేమంగా ఉంది. ఆయన సిఫారసు రాస్తే తప్ప అది కదలదు.

ఆయనకేమో ప్రమోషన్ వచ్చింది, హైదరాబాద్ పోతున్నారు. పోయే ఆఫీసరుకు శాలువా, మెమెంటో మా దగ్గర తప్పనిసరి. మెమెంటో అంటే ఎప్పుడైనా గాజు ఫ్రేములో రాములవారి పట్టాభిషేకమే. ఈసారి మా సూపరింటెండెంటుకు కొత్త ఆలోచన వచ్చింది.

"సారు మిలిట్రీల చేసొచ్చిండు గదా. నువ్వేమో ఆటబండ్లు చేస్తవంటివి. ఒకటి చెయ్యి తమ్మీ. సారు ఖుష్ అయితడు, నీ కాగితం కదుల్తది."

ఆఫీసరు మిలిటరీలో ఉన్న రోజుల్లో గొలుసు చక్రాల కవచ బండి ఒకటి ఆయనకు ఇల్లూ వాకిలీ. మీటింగు వరదల మీద మొదలైనా, ఆసరా పింఛన్ల మీద మొదలైనా, ముగిసేది ఆ బండి మీదే. అందుకని ఆ బండి ముక్కల డబ్బానే తెప్పించాను. ఈ ఆదివారం రావడం కుదరదని ఇంటికి ఫోన్ చేశాను.

"ఏం పని?"

"బండి చెయ్యాలె. అది అయితే బదిలీ అయినట్టే."

"గట్లనా. దానికి టైర్లన్నా ఉన్నయా?"

"టైర్లుండవు. గొలుసులుంటయి."

"మరి ఖమ్మం దాకా ఎట్ల వస్తది?" అని పెట్టేసింది.

బండి కట్టడం పెద్ద పనేం కాదు. ఏ ముక్క ఎక్కడ అంటించాలో డబ్బాలోని కాగితంలో ఉంటుంది. కష్టమంతా సామానుది. సామాను లేని మిలిటరీ బండి షోరూములో బండిలాగా ఉంటుంది, అందులో ఎవరూ బతకలేదని చూడగానే తెలిసిపోతుంది. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి టార్పాలిన్ మడతలు పెట్టాను. పరుపుచుట్టలు చుట్టి నూలుపోగుతో బిగించాను. మందుబిళ్లల రేకుతో బకెట్, గంటె, డేగ్చా చేశాను. మడత ఎలా పడుతుందో, బకెట్ ఎలా సొట్టపోతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. నా కిరాయి గదిలో తల తిప్పితే చాలు, మంచం మీద చుట్టిన పరుపు, మూలన బకెట్, తాడు మీద లుంగీ. అన్నీ అసలు సైజులోనే ఉన్నాయి.

పైన ముదురాకుపచ్చ, దాని మీద కొంచెం లేతది, సందుల్లోకి పలుచటి గోధుమరంగు నీళ్లు. చివరికి రోడ్డు మీది ఎర్రదుమ్ము తెచ్చి, జల్లించి, మెత్తటి కుంచెతో అద్దాను. మా మండలం నుంచి మిలిటరీకి నేను చేసిన సేవ అదే. ఇదంతా అయ్యేసరికి చాలా ఆదివారాలు పోయాయి. ఎందుకు రాలేదని మా ఆవిడ అడగడం మానేసింది. నేను దాన్ని సహకారం అనుకున్నాను.

సూపరింటెండెంటు వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"సారు బండి మీద బకెట్ ఏంది తమ్మీ? ఇజ్జత్ పోతది."

"సైనికులు కూడా స్నానం చేస్తరు సార్."

"చేస్తే చేస్తరు. సారు ముంగట చేస్తరా?"

బకెట్ తియ్యలేదు. ఆ మాత్రం పట్టుదల నా సర్వీసులో అదొక్కసారే.

వీడ్కోలు సభలో ఆఫీసరు శాలువా పక్కనపెట్టి, కళ్లద్దాలు తగిలించుకుని, బండిని అటూఇటూ తిప్పి చూశారు.

"అరే, గంటె కూడ పెట్టినవా! ఈ బకెట్ చూడు, మావోళ్లు అచ్చం గిట్లనే కట్టేటోళ్లు" అన్నారు.

"నేనే పెట్టమన్న సార్" అన్నాడు సూపరింటెండెంటు.

ఇంతకంటే మంచి సమయం రాదని నేను ముందుకు వంగాను. "సార్, నా దరఖాస్తు..."

"ఎప్పుడు చేసినవయ్యా ఇదంతా?"

"సాయంత్రాలు సార్. ఆదివారాలు."

ఆయన సభ వైపు తిరిగారు. "చూసిన్రా? పని అంటే గిది. ఖమ్మంల దొరుకుతదా ఇంత తీరిక? ఆడికి పోతే ట్రాఫిక్‌లనే సగం జీవితం పాయె. నీ మంచికే చెప్తున్న, ఈడనే ఉండు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అలవాటు. దరఖాస్తు సంగతి తర్వాత వచ్చే సారు చూసుకుంటారట. బండి మాత్రం ఆయన ఒళ్లో కూర్చుని కారులో హైదరాబాద్ వెళ్లిపోయింది. అడగకుండానే బదిలీ అయిన ఉద్యోగిని మా ఆఫీసులో అప్పుడే చూశాను.

గదికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, నవ్వొచ్చేలాగే చెప్పాను. బకెట్ దగ్గర ఒకసారి ఆగాను, సూపరింటెండెంటు మాట దగ్గర ఇంకోసారి ఆగాను. అవతల కుక్కర్ కూత పెట్టింది. ఆమె పోయి పొయ్యి ఆపి వచ్చింది.

"రావాల్నని ఉన్నోడు ఇన్ని ఆదివారాలు ఆడ కూసోడు" అన్నది.