బందరు సబ్‌జైల్లో మావయ్యా నేనూ

మొన్న బందరు వెళ్తే పాత సబ్‌జైలు గేటు బార్లా తెరిచి ఉంది. ఖైదీలు లేరు, కాపలా లేదు. పావురాలు మాత్రం పూర్తికాలం శిక్ష అనుభవిస్తున్నాయి. మూరెడు మందాన గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు. మూడో గది ముందు ఆగిపోయాను.

మా మావయ్య అక్కడ వార్డరు. పామర్రు నుంచి డిగ్రీ చదవడానికొచ్చి వాళ్ళింట్లో ఉన్న నేను, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి. ఆ గదుల ఊచల తలుపుల గడియ తలుపు మీద ఉండదు. బయట గోడ వెంట గజం దూరం పోయి ఒక గూట్లో దిగుతుంది. లోపలివాడికి అందకూడదని ఆ ఏర్పాటు. "నిజంగా అందదా మావయ్యా?" అన్నాను. "నాకూ చేరినప్పట్నుంచీ అదే అనుమానంరా" అన్నాడాయన. ఇద్దరం ఖాళీగా ఉన్న ఈ మూడో గదిలోకి దూరాం. వరండా ఊడుస్తున్న ఖైదీని పిలిచి, "ఏరా, గడియ పెట్టు" అన్నాడు. అతను గిలకలదిండి జాలరి, వలల దగ్గర కొట్లాట కేసులో వచ్చాడు. పెట్టేశాడు.

ఊచల్లోంచి చేతులు చాపాం. గూటికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. కట్టినవాడి తెలివికి మురిసిపోతుండగా, క్యారేజీ హడావుడిలో నేను మూయడం మరిచిన వీధి గేటు కనబడింది. మావయ్యకీ కనబడింది. అతనికీ కనబడింది. మావయ్య మొహంలో ఉద్యోగం ఊడిపోవడం స్పష్టంగా చూశాను. బందరులో బందీనయ్యానని చమత్కారం తట్టింది గానీ మింగేశాను.

"బాబూ..." అన్నాడు మావయ్య. నిమిషం క్రితం 'ఏరా' అన్న నోరే.

అతను చీపురు గోడకి ఆనించి తిన్నగా గేటు దాకా నడిచాడు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. కిర్రుమని చప్పుడు. గేటు మూసి, వెనక్కొచ్చాడు.

"తీసుంటే కుక్కలొస్తాయండీ" అన్నాడు, గూట్లో చెయ్యి పెట్టి గడియ లాగుతూ. అది సగంలో పట్టేసింది. "ఉప్పుగాలికి తుప్పట్టిందండీ. కాస్త చేపనూనె రాయించండి. ఎల్లుండి నన్నొదిలేటప్పుడు నా గదిదీ ఇలాగే మొరాయిస్తే నాకేగా ఇబ్బంది!" మూడో గుంజుకి వచ్చింది. మావయ్య క్యారేజీ విప్పి, పై గిన్నె అతని చేతిలో పెట్టాడు.

ఇప్పుడా తలుపు లేదు, గడియ లేదు, మావయ్యా లేడు. గూడు మాత్రం ఉంది. గదిలో నిలబడి, గుమ్మంలోంచి గోడ వెంట చెయ్యి చాపి చూశాను. ఇన్నేళ్ళ తర్వాతా బెత్తెడు దూరంలోనే ఆగిపోయింది. తలుపులన్నీ తీసేసిన కాలం, ఆ బెత్తెడు మాత్రం ఇవ్వలేదు.