లచ్చమ్మ పెద్దమ్మ టౌను మనిషి అయింది

ఈ రోజు మున్సిపల్ ఆఫీసులో గట్టిగా గొడవ పెట్టుకుందామని వెళ్ళి, నోరు మూసుకుని తిరిగొచ్చాను.

మా వీధి లచ్చమ్మ పెద్దమ్మకు ఈ ఎండాకాలం ఉపాధి హామీ పని ఇవ్వలేదు. ఒంటరి మనిషి, ఎండల్లో ఆమెకు ఉన్నది ఆ పని ఒక్కటే. అడగ్గానే పనికి పొమ్మంటారేమోనని ఇవాళ గడ్డపార కూడా వెంట తెచ్చుకుంది.

క్లర్కు జాబ్ కార్డు చూసి తిరిగిచ్చేశాడు. "ఇది చెల్లది పెద్దమ్మా. రాష్ట్రమోళ్లు మీ ఊరిని మున్సిపాలిటీల కలిపిన్రు. కేంద్రమేమో ఈ పని పల్లెలకే ఇస్తది. నువ్విప్పుడు టౌనుదానివి."

"మా ఇంటి ముందల లైటే లేకపాయె సారూ, ఇంటెనక అడివే. టౌనెప్పుడొచ్చింది?"

లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండి బల్ల చరిచాను. కరపత్రాల్లో చదివిన చట్టాలన్నీ అప్పజెప్పబోతుంటే, అతను నెమ్మదిగా ఒక ఫైలు తీసి నా ముందు పెట్టాడు. ఊరిని మున్సిపాలిటీలో కలపమని ఇచ్చిన అర్జీ అది. అభివృద్ధి వస్తుందని రాసింది నేనే. నా సంతకం కిందే పెద్దమ్మ వేలిముద్ర ఉంది. ఆ రోజు ఆమె వేలికి సిరా పూసింది కూడా నేనే.

తిరుగు ఆటోలో ఆమె గడ్డపారను కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు అంది: "మళ్ల పల్లె చెయ్యమని ఇంకో కాయితం రాయి బిడ్డా. ఏలిముద్ర ఏస్త."

తిట్టినా బాగుండేది. అలాంటి అర్జీకి దారి ఉందో లేదో నా కరపత్రాల్లో ఎక్కడా లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. పెద్దమ్మ రేపు పొద్దున్నే వస్తానంది.