పెద్దమ్మ రాగిపాతర

మా పెద్దమ్మకు దేవుడి మీద కంటే రాగిపాతర మీద నమ్మకం ఎక్కువ. పూజ చేసేటప్పుడు కూడా ఒక కన్ను పెరటి వైపే ఉంటుంది. పాతరంటే భూమిలో తవ్విన గొయ్యి. మూతి మనిషి దూరేంత, కడుపు మాత్రం బానలా వెడల్పు. లోపల చుట్టూ గడ్డి పరిచి, రాగులు పోసి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేస్తే ఏళ్ళు గడిచినా పురుగు పట్టదు. కన్నడ సీమలో ఉన్న మా బాగేపల్లి పక్క ఇప్పుడు దాదాపు అందరూ ప్లాస్టిక్ డ్రమ్ములకు మారిపోయారు. డ్రమ్ములో రాగులు పోసేవాళ్ళని పెద్దమ్మ సంసారుల కింద లెక్కే వేయదు. ఇక రేషన్ బియ్యం కోసం నిలబడేవాళ్ళ గురించి ఆమె అనే మాటలు ఇక్కడ రాయలేను.

"పాతర నిండా రాగులుంటే ఎవుని గడపా తొక్కే పన్లేదప్పా" అనేది. పెదనాన్న పోయాక ఆమె ధైర్యమంతా ఆ గోతిలోనే ఉండేది. పక్కింట్లో ఉండే నేను కూడా ఆ ధైర్యంలోకి రాను.

పాత పాతర మిట్ట మీద కళ్ళంలో ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది తారు కిందికి పోయింది. కొత్తది పెరట్లో, చెరువుకు ఆనుకుని తవ్వించి నిండా రాగులు పోయించింది. ఊళ్ళో ఒక్కరు కూడా వద్దనలేదు. మాది పేరుకే చెరువు. మేమంతా అందులో క్రికెట్ ఆడి పెరిగినవాళ్ళం, తూమురాయే మా వికెట్టు. అందులోకి నీళ్ళొస్తాయని ఎవరైనా అనుంటే ఆ మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం తిని కూర్చుని ఫోన్లో ఒక వీడియో చూస్తున్నాను. ఉత్తర ధ్రువం దగ్గరి ఒక పల్లె గురించి కన్నడంలో చెబుతున్నారు. అక్కడ నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుందట. జనం అందులో గుంత తవ్వి ఏడాదికి సరిపడా మాంసం దాచుకుంటారట. గుంత అనే మాట చెవిన పడగానే పెద్దమ్మ వచ్చి నా భుజం మీద వాలిపోయింది.

"మన మాదిరే చూడప్పా! బుద్ధిమంతులే" అని మెచ్చుకుంది కూడా.

ఆ మెప్పు ఎంతోసేపు నిలవలేదు. ఎండలు ముదిరి అక్కడి మంచు కరుగుతోందని, గుంతల్లోకి నీళ్ళు ఊరుతున్నాయని వీడియోలో చెప్పారు. పెద్దమ్మ వయసావిడ ఒకామె బకెట్టుతో గుంతలోంచి నీళ్ళు తోడుతోంది. మాంసమంతా కుళ్ళిపోయింది. పెద్దమ్మ పకపకా నవ్వింది.

"నీళ్ళూరే చోట ఎవురైనా పాతర తవ్వుతారా? తలకాయ ఉండల్ల గదా మనిషికి!"

"ఆయమ్మ తవ్వినప్పుడు నీళ్ళు లేవు పెద్దమ్మా. కాలం మారిపోయింది."

"కాలం మారితే కండ్లు పోతాయా? ఆపు, ఇంక చాల్లే."

ఆపేశాను. ఆ సాయంత్రానికి మంచుదేశంలో ఒక తెలివితక్కువ ఆయమ్మ ఉందని వీధి మొత్తానికి తెలిసిపోయింది.

ఆ ఏడే వాన పట్టుకుంది. కోతలు కోసి ఎండబెట్టాల్సిన రోజుల్లో కూడా వదల్లేదు. చెరువు నిండి, కట్ట పక్కనున్న మరువ మీదుగా పొంగి పారింది. ఊరికి పిచ్చెక్కింది. తప్పెట్లు కొట్టారు, ఎన్నడూ కనిపించని పెద్దమనుషులు వచ్చి ఫొటోలు దిగిపోయారు. ఆడవాళ్ళు చేటల్లో పసుపు, కుంకుమ, గాజులు పెట్టి చెరువుకు బాగిన, అంటే వాయనం, ఇచ్చారు. అందరికంటే ముందు పెద్దమ్మే.

"గంగమ్మా, ఇట్లే ఉండు తల్లీ, యాడికీ పోవద్దు" అని మొక్కింది. గంగమ్మ ఎప్పుడూ లేనిది ఈసారి మాట విన్నది.

ఇంట్లో రాగిపిండి అయిపోయాక పాతర తెరిచాం. బండ తీయగానే వచ్చిన వాసనకు నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. లోపల చెడుగాలి ఉందేమో తెలుసుకోవడానికి దీపం తాడుకు కట్టి దించడం మా అలవాటు. దించాం. దీపం ఆరలేదు సరికదా, దాని కింద ఇంకో దీపం మెరిసింది. నీళ్ళు!

గంపతో పైకి లాగితే నల్లటి ముద్ద వచ్చింది. కొన్ని రాగులు మొలకలెత్తి మరీ కుళ్ళాయి. గేదె కూడా మొహం తిప్పుకుంది. దేన్నైనా వెక్కిరించే నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఒక్కో గంపా తీసుకెళ్ళి దిబ్బలో పోసి, చేతులు కడుక్కుని, పోయి పడుకుంది.

ఆ నెలలోనే ఆమెను రేషన్ అంగడి ముందు చూశాను. కొంగు మొహం మీదికి లాక్కుని, సంచి చంకలో పెట్టుకుని అందరి వెనక నిలబడింది. నేను చూడనట్టే బండి తిప్పుకుని ఇంకో సందులోంచి ఇంటికొచ్చాను.

అన్నం తిన్నాక మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"అప్పా, ఆ మంచుదేశం బొమ్మ పెట్టు. ఆయమ్మ నీళ్ళు తోడతా ఉండాది గదా, ఆన్నుంచి."

పెట్టాను. ఆయమ్మ బకెట్టు కింద పెట్టి ఒకసారి మా వైపు చూసింది. అంతే, ఆమె మాయమై తెల్ల ఎలుగుబంటి వచ్చింది. వెనకనుంచి ఏడుపు సంగీతం. ఎలుగుబంటి నడిచింది, ఈదింది, మంచుముక్క మీద కూర్చుని ఆకలిగా చూసింది. దానికి తిండి దొరకడం లేదంటూ వీడియోలో చెప్పే మనిషి గొంతు పూడుకుపోయింది. చివరిదాకా ఎలుగుబంటే.

పెద్దమ్మ రెప్ప వేయకుండా కూర్చుంది. తెర నల్లబడ్డాక కూడా కాసేపు చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది పెద్దమ్మా."

"ఎలుగుబంటి సంగతి సరే. ఆయమ్మ ఏం తినిందో చెప్పనే లేదు గదప్పా?"