పెంచలన్న ఫ్లాటు

మా ఎదురింటి పెంచలన్న నెల్లూరులో ఫ్లాటు కొంటున్నాడని మా అల్లూరంతా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది అన్న నోరే. ఎవరు కనపడినా "ఫ్లాటుకు సామాన్లు తెస్తుండా" అంటాడు. అన్న చెప్పే ఫ్లాటు ఫ్లాట్ ట్రాక్ అని, అంటే చదునైన మట్టి మీద గుండ్రంగా తిరిగే బైకు పందెమని, దానికోసం అన్న పాత బండ్ల ముక్కలతో సొంతంగా ఒక బైకు కడుతున్నాడని నాకు తెలుసు. తొమ్మిదో తరగతితో బడి మానేసి మా రొయ్యల గుంటకు కాపలా ఉండే ఆడపిల్లను నన్నెవరడుగుతారు? అడిగినా చెప్పలేను. నాకు నలుగురిలో మాట పెగలదు.

అన్నకు మనుషులు కనిపించరు, వాళ్ళ బండ్లే కనిపిస్తాయి. చావింటికి పోయినా చూపు బయట ఆపిన బండ్ల మీదే.

"మా నాయన పోయినాడు పెంచలూ" అని మా బడి మాథ్యూ సారు ఏడుస్తుంటే, "అయ్యో! ఆయన బండి హ్యాండిలు ఇంకెవురు పట్టుకుంటారు సారూ?" అన్నాడట. ఏడ్చే మనిషికి నవ్వొచ్చింది. ఆ హ్యాండిలు అన్నకే ఇచ్చేశాడు.

ఫ్లాటు సంగతి విని కావలి నుంచి హజరత్తయ్య గారు పిల్లనిస్తామని వచ్చారు.

"ఫ్లాటు ఎందాకా వచ్చింది అబ్బయా?"

"ఎనక అయిపోయింది మామా. ముందుదే రావాల."

"ముందు లేకుండా లోపలికెట్ట పోతారు?"

"లోపలికి పోయేదేముంది? పైకెక్కి కూర్చోడమే."

"ఎంతమంది పడతారు?"

"ఒక్కరే."

"మరి మా పిల్ల?"

"గట్టున నిలబడి చూడొచ్చు."

ఆయన కాఫీ సగంలో వదిలేసి బస్సెక్కారు.

ఆ ముందు చక్రం కోసం అన్న మద్రాసు పాతసామాన్ల వీధులన్నీ గాలించి, చివరికి తెచ్చి బిగించాడు. ఆదివారం కావలి దగ్గర పందెం. ఆ రోజు తెల్లవారుతుండగా బైకును ట్రాలీ ఆటోలోకి ఎక్కించి తాళ్ళు కడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మా గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్ కిర్రుమని ఆగిపోయింది. బేరింగు పగిలింది. గాలి అందక రొయ్యలు పైకి తేలుతున్నాయి. మాకున్నది ఆ గుంట ఒక్కటే. కొట్లు తెరిచేసరికి అన్నీ చస్తాయని నాన్న గట్టు మీద కూలబడ్డాడు. ఆయన ఊడదీసిన బేరింగు పట్టుకుని పరుగెత్తి అన్న ముందు నిలబడ్డాను.  చెయ్యి చాపాను.

అన్న నా మొహం చూడలేదు. బేరింగు చూశాడు.

"యాడిదిమే ఇది? ఏరేటర్‌దా?"

తలూపాను. కట్టిన తాళ్ళు విప్పి, ముందు చక్రం ఊడదీసి, దాని బేరింగు బయటికి తీశాడు.

"సైజు అదే. నడువు."

దాన్ని ఏరేటర్‌కు బిగించి, రొయ్యలు మళ్ళీ అడుక్కు దిగేదాకా గుంట దగ్గరే కూర్చున్నాడు.

"మరి నీ పందెం సంగతేందిరా?" అన్నాడు నాన్న.

"మట్టి యాడికి పోద్దిలే మామా. మీ మోటారు మాత్రం భలే ఉండాది, ఎప్పుడైనా అమ్ముతారా?"

సాయంత్రం ముందు చక్రం లేని బైకును చూసి అల్లూరు కొత్త మాట అందుకుంది: "పాపం, ఫ్లాటు ముందు భాగం బిల్డరు మింగేసినాడంట!"

బిల్డరెవరూ లేరు. ఆ చక్రం బేరింగు మా గుంటలో తిరుగుతోంది.